గెడ్డ ఎవరిదో ముందు అడగండి

నేను దగ్గరుండి కట్టించిన మొదటి చెక్‌డ్యాం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. గెడ్డే, అంటే కొండవాగే, పక్కకి జరిగిపోయింది.

ఒడిశాలో పుట్టాసింగి వైపు ఘాటీ ఎక్కాక వచ్చే ఒక సవర ఆదివాసుల ఊరది. నక్షాలో గెడ్డ సన్నబడిన చోట చుక్క పెట్టారు, అంచనా వేశారు. మేం ఊళ్ళో అరగంట మీటింగు పెట్టి వేలిముద్రలు తీసుకున్నాం. ఆ అరగంటలోనే ఒక పెద్దాయన లేచి సవరలో రెండు ముక్కలన్నాడు. ఆ భాషలో ‘డా’ అంటే నీళ్ళని తప్ప నాకప్పటికి ఇంకేం తెలీదు. పక్కనున్న మనిషిని అడిగితే “సరేనంటున్నాడు దీదీ” అన్నాడు. భాద్రపదంలో ఒక రాత్రి వాన దంచింది. గెడ్డ మా గోడ జోలికి రాలేదు. పక్కనున్న ఒడ్డుని కోసుకుని, దిగువనున్న రెండు మడుల్ని ఊడ్చుకుపోయింది. ఆ మడులు ఆ పెద్దాయనవే. మరుసటేడు నాకు కాస్త భాష పట్టుబడ్డాక, అప్పుడేమన్నావు తాతా అని అడిగాను. “ఆ ఒడ్డు మట్టి, రాయి కాదు అన్నాను” అన్నాడు.

ఆ మాట ఆ రోజే అర్థమైతే గోడని ఇరవై గజాలు ఎగువన కట్టేవాళ్ళం. అందుకని కొండ ఊళ్ళల్లో నేల పనికో నీళ్ళ పనికో వెళ్ళే కుర్రాళ్ళు, వాటర్‌షెడ్ వాళ్ళూ, సంఘాల వాళ్ళూ నన్నడిగితే ఒకటే చెప్తాను. సంతకం చివర్న తీసుకోండి. దానికి ముందు చెయ్యాల్సిన పని చాలా ఉంది. నేను చేసే తీరు ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలిసింది గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల సవర ఊళ్ళు, ఇటు రాయగడ వైపు కొన్ని కోందు ఊళ్ళు. వేరే కొండల్లో వేరే తీరుండొచ్చు.

మీరెవరో ముందు మీరే చెప్పండి

మాది గుణుపురం. మా నాన్నకి బజార్లో చింతపండు, కొండచీపుళ్ళ వ్యాపారం. సంతరోజున సవరలు కావిళ్ళేసుకుని దిగేవాళ్ళు. మా కొట్లో రెండు కుంచాలుండేవి, కొనడానికి ఒకటీ అమ్మడానికి ఒకటీ. చిన్నదాన్నైనా ఆ తేడా నాకు తెలుసు. ఆ చెక్‌డ్యాం ఊరికి మూడోసారి వెళ్ళినప్పుడు ఒకావిడ నా మొహంలోకి చూసి, “నువ్వు చింతపండు షావుకారు కూతురివి కదూ” అంది. రెండుసార్లు నేనా సంగతి దాచాను. వాళ్ళకి మొదటి రోజే తెలుసు.

అప్పట్నుంచీ కొత్త ఊరికి వెళ్తే కూర్చున్న వెంటనే ఫలానా వాళ్ళ కూతుర్నని చెప్పేస్తాను. నాకు జీతం ఎవరిస్తున్నారో, ఎన్నాళ్ళుంటానో, ఏం చెయ్యగలనో, ఏం చెయ్యలేనో కూడా. రోడ్డు నా చేతిలో లేదు, పింఛను నా చేతిలో లేదు అని మొదట్లోనే అనేస్తే వాళ్ళు కొంచెం నిరాశపడతారు. పడనివ్వండి. ఆర్నెల్ల తర్వాత పడే నిరాశ కన్నా అది చిన్నది.

పలకరింపు సంగతి కూడా ఒకటుంది. పల్లపు ఊళ్ళ నుంచి వెళ్ళే మన తెలుగువాళ్ళకి కొండమీద డెబ్బై ఏళ్ళ మనిషిని కూడా ‘ఏరా’ అనే పాడలవాటు. సంతలో బేరమాడి బేరమాడి నోటికి పట్టేసింది. అది మానకుండా ‘భాగస్వామ్యం’ అని బోర్డు కట్టినా లాభం లేదు.

ఎప్పుడు వెళ్ళాలి

మాఘం నుంచి చైత్రం దాకా ఊళ్ళో పగలు ఎవరూ ఉండరు. చింతపండు దులపడం, ఇప్పపువ్వు ఏరడం, జీడిపిక్కలు, ఒకటి వెనక ఒకటి. ఆ రోజుల్లో మీటింగు పెడితే పనిలేని నలుగురు మగాళ్ళొస్తారు, వాళ్ళ మాటే ఊరి మాటని మీరు రాసుకుంటారు. సంతరోజు వద్దు. చాలా సవర ఊళ్ళిప్పుడు క్రైస్తవం తీసుకున్నాయి కాబట్టి ఆదివారం పొద్దున్న కూడా వద్దు. ఒకే ఊళ్ళో చర్చికి వెళ్ళే ఇళ్ళూ, పాత పూజలు చేసుకునే ఇళ్ళూ ఉంటే రెండువైపులా విడివిడిగా కూర్చోవాలి. పాస్టరుగారి అరుగు మీద కూర్చుని ఊరంతటితో మాట్లాడేశాననుకుంటే సగం ఊరు మీకు దూరమైపోయినట్టే.

సాయంత్రం అన్నం పొయ్యిమీద పెట్టే వేళకి ముందు గంట మంచిది. మరీ పొద్దుపోతే జీలుగు కల్లు దిగుతుంది. అప్పుడు మాటలు బాగుంటాయి కానీ తీర్మానాలు నిలవవు.

ఇద్దరు దుబాసీలు

మా పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవరలతోనే కూర్చుని సవర నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం. వేసినవాళ్ళల్లో నాలుగు సవర ముక్కలు వచ్చినవాళ్ళు ఎందరో లెక్కపెట్టకపోవడమే మర్యాద. మీరు భాషంతా నేర్చుకోనక్కర్లేదు. నీళ్ళు, నేల, రాయి, వద్దు, తర్వాత, ఎవరిది అనే మాటలు పట్టుకోండి. ‘వద్దు’ అనే మాట చెవిన పడ్డప్పుడు ఆగగలిగితే చాలు.

దుబాసీని మాత్రం ఒక్కణ్ణే పెట్టుకోకండి. ఒకరు ముందు నిలబడి మీ మాట జనానికి చెప్తారు. రెండో మనిషి, వీలైతే ఆడమనిషి, జనంలోనే కూర్చుని వాళ్ళల్లో వాళ్ళు ఏమనుకుంటున్నారో వెనక్కి మీకు చెప్తుంది. రెండు మాటలూ కలవని చోట మీటింగు ఆపి మళ్ళీ అడగాలి. రెండో మనిషికి ఒక రోజు కూలి ఇవ్వండి. కాంట్రాక్టరు వెంట తిరిగే కుర్రాణ్ణి ఈ పనికి పెట్టుకోవద్దు. నాకు ‘సరేనంటున్నాడు’ అని చెప్పినవాడు అలాంటివాడే. అబద్ధం చెప్పాలని చెప్పలేదు పాపం, మీటింగు తొందరగా అయిపోతే బాగుండునని చెప్పాడు.

ఊట దగ్గర

మొదటి నెలంతా నడకే. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని బయల్దేరేటప్పుడు మీరూ ఖాళీ బిందెతో వెళ్ళండి. నోట్‌బుక్ తీయొద్దు, ఫోన్ తీయొద్దు. మీటింగులో చెంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్న మనిషే ఊట దగ్గర నీళ్ళు నిండేదాకా మాట్లాడుతుంది. ఏ నెలలో నీళ్ళు సన్నబడతాయి, ఎవరింటి గేదె తాగే చోటు ఎక్కడ, ఏ రాయి కింద ఎండాకాలంలో కూడా తడి ఉంటుంది, ఏ కోడలు ఎవరితో పోట్లాడి ఏ తోవలో రావడం మానేసింది... ఆఖరిది కూడా వినండి. పైపు ఏ వీధిలోంచి వెయ్యాలన్నది ఒకోసారి దానిమీదే తేలుతుంది.

రెండో వారంలో ఒక 15 లీటర్ల బకెట్ పట్టుకెళ్ళండి. ఊట ధారకింద బకెట్ పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి. ఈ పని మీరు చెయ్యకండి. ఊళ్ళో ఎనిమిదో తొమ్మిదో చదివే ఆడపిల్ల చేతికి ఫోన్ గడియారమిచ్చి ఆ పిల్లచేత చేయించండి, లెక్క ఆ పిల్ల నోట్‌బుక్‌లోనే ఉండనివ్వండి. ఒక ఊళ్ళో దసరా వెళ్ళాక చూస్తే 25 సెకన్లకి నిండింది, అంటే నిమిషానికి 36 లీటర్లు. ఏప్రిల్లో అదే బకెట్‌కి రెండు నిమిషాలు పట్టింది. నిమిషానికి ఏడున్నర లీటర్లు, రోజుకి 10,800.

ఇక్కడ మా ఇంజనీరు సంబరపడ్డాడు. 180 మంది జనం, ఇంటింటి కుళాయికి సర్కారు లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు, మొత్తం 9,900. సరిపోతుంది, ఊటకి తొట్టి కట్టి పైపులేసేద్దాం అన్నాడు. లెక్క సరైనదే. అదే మాట ఆడవాళ్ళకి చెప్పాం. వాళ్ళు కాసేపు వాళ్ళల్లో వాళ్ళు మాట్లాడుకున్నారు. మా రెండో దుబాసీ నా చెవిలో అంది: “మొత్తం పైపులోకి పోతే మడికేమిటి, అంటున్నారు.” ఆ ఊట కిందే పదకొండు మడులున్నాయి. సవరల మడులు చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను, గెడ్డ లోయ పొడుగునా ఒకదాని కింద ఒకటి, మనిషెత్తు రాతిగోడలతో, సున్నం సిమెంటు ఏమీ లేకుండా పేర్చినవి. పైమడి నిండి కిందమడికి, అది నిండి ఆ కిందకి. ఊట ఆగితే మొత్తం వరసంతా ఆగుతుంది.

చివరికి వాళ్ళే తేల్చారు. తాగడానికీ వండుకోడానికీ ఊళ్ళోకి నాలుగు కుళాయిలు చాలు. స్నానాలు, బట్టలు ఊట దగ్గరే, ఎందుకంటే ఆ వాడిన నీళ్ళు మళ్ళీ మడిలోకే పోతాయి. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోడానికి ఊట పక్కన ఒక తడక గది అడిగారు. రాత్రి తొట్టి నిండాక పొర్లిన నీరు కూడా మడికే వదలాలన్నారు. ఇంటింటి కుళాయి అని పైనుంచి వచ్చిన లక్ష్యానికీ దీనికీ పొంతన కుదరక మాకు కాగితాల మీద నానా తిప్పలయ్యాయి, అది వేరే కథ. మడులు మాత్రం ఆ ఎండాకాలం ఎండలేదు.

ఎవరిదని అడగడం కూడా ఊట దగ్గరే మొదలవుతుంది. మడి కట్టిన కుటుంబం ఒకటుంటుంది, నీళ్ళు ముందు ఎవరికన్న వరస ఉంటుంది. గొమాంగ్ ఊరి పెద్ద, బుయ్యా పూజారి. వీళ్ళిద్దర్నీ విడిగా అడగాలి, ఎందుకంటే ఇద్దరి లెక్కా ఒకటి కాదు. గొమాంగ్ పొలాల హద్దు చెప్తాడు. బుయ్యా ఏ బండ దగ్గర సొనుం ఉంటుందో, అంటే పూర్వీకులో దేవతలో ఉండే చోటు, అక్కడ గునపం వెయ్యకూడదని చెప్తాడు. ఆ చోటుని జీపీఎస్‌లో ఎక్కించేముందు ఎక్కించొచ్చా అని అడగండి. వద్దంటే నక్షాలో ఖాళీ వదిలెయ్యండి. తవ్వకానికి ముందు కోడిని కొయ్యాలంటే కొయ్యాలి, ప్రార్థన చెయ్యాలంటే చెయ్యాలి. ఈ ఖర్చుకి అంచనాలో గడి ఉండదు. నేను టీ, బిస్కెట్ల కింద రాసేదాన్ని.

చింతపిక్కల నక్షా

నెల తిరిగాక ఊరంతా కూర్చున్నప్పుడు ముద్రించిన నక్షా తీయకండి. అది చూడగానే చదువుకున్న ఇద్దరు కుర్రాళ్ళు ముందుకొస్తారు, మిగతావాళ్ళు వెనక్కి తగ్గుతారు. నేల ఊడ్చి, బూడిదతో గెడ్డ గీయమనండి. ఇళ్ళకి రాళ్ళు, మడులకి ఆకులు, ఊటలకి చింతపిక్కలు. మీరు చెయ్యాల్సిందల్లా చేతులు కట్టుకుని కూర్చోవడం. ఇది చెప్పినంత తేలిక కాదు.

ఒకసారి నాకు చెయ్యి ఆగక ఊరి పక్కనే చింతపిక్క ఒకటి పెట్టాను, వాళ్ళు తాగే ఊట అక్కడే ఉంది కదాని. ఒక మామ్మ ఆ పిక్కని ముట్టుకోలేదు. కొంగులోంచి గుప్పెడు చోళ్ళు (రాగులు) తీసి, కొండకి అవతలి వైపున పోసింది. ఊటని అక్కడ పెట్టిందేమిటి అనుకున్నాం. ఆవిడ వేలితో చోళ్ళ మీంచి కొండ అడుగునుంచి చింతపిక్క దాకా ఒక గీత గీసింది. అక్కడ వాన పడితే ఇక్కడ నీళ్ళొస్తాయిట. నీకెలా తెలుసు మామ్మా అంటే, అవతలి చరియలో చెట్లు నరికి పోడు కొట్టిన ఏడాది శివరాత్రికే మన ఊట సన్నబడింది అంది. పక్కనున్న మరో ఇద్దరు ముసలాళ్ళు తలూపారు.

తర్వాత భూగర్భశాస్త్రం చదివిన ఒక మిత్రుణ్ణి తీసుకెళ్ళి చూపించాను. ఈ తూర్పు కనుమల రాయికి ఖోండలైట్ అని పేరు, ఖోండుల, అంటే మా కోందుల పేరు మీదే పెట్టారు. విశాఖ కొండల్లో ఉండేదీ ఇదే. ఇది మెత్తబడి పగుళ్ళు బారితే నీళ్ళు పీల్చుకుంటుంది. పొరలు ఏటవాలుగా ఉంటే ఒక చరియలో ఇంకిన నీరు రెండో చరియలో ఊరుతుంది. ఆ కొండలో పొరలు మామ్మ గీత గీసిన వైపే వాలి ఉన్నాయి.

ఈ గీత వల్ల పని రెట్టింపైంది. ఊట నిలవాలంటే కందకాలు తవ్వాల్సింది, చెట్లు నిలపాల్సింది అవతలి చరియలో. అది ఇంకో ఊరి హద్దు. ఆ ఊరికి ఈ ఊటతో పని లేదు. మేం చేసిందల్లా రెండూళ్ళ పెద్దల్నీ ఆ శిఖరం మీదకి తీసుకెళ్ళి కూర్చోబెట్టడం. రెండు సార్లు ఏమీ తేలలేదు. మూడోసారి వాళ్ళే ఒప్పందానికొచ్చారు: కందకాల కూలి మొత్తం అవతలి ఊరికి, ఆ చరియలో కొంత భాగం మూడేళ్ళు పోడు మానినందుకు ఇవతలి ఊరు ఏటా వాళ్ళకి చీపురుగడ్డి కోతలో వాటా ఇవ్వాలి. ఇలాంటి ఒప్పందం ఏ ప్రాజెక్టు పుస్తకంలోనూ ఉండదు.

కాగితం

ఇప్పుడొస్తుంది కాగితం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, 2012లో సవరించిన దాని నియమాలు మీరు చదివి ఉండాలి, ఎవరో చెప్పింది విని వెళ్ళకూడదు. ఊరికి అడవి మీద ఉన్న అన్ని హక్కుల్లోకీ పెద్దది సెక్షన్ 3(1)లో (ఐ) అనే గడిలో ఉంది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న సాముదాయిక అడవిని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు అది. దానికి ఫారం-సి. పోడు భూమికి వ్యక్తిగతంగా పెట్టేది ఫారం-ఎ, చేపలు, మేత, కలప కాని అటవీ ఫలసాయం లాంటి ఉమ్మడి హక్కులకి ఫారం-బి. చాలా ఊళ్ళల్లో ఎ పెట్టి ఊరుకున్నారు, పట్టా చేతికొస్తే పని అయిపోయిందనుకున్నారు. ఊటా, గెడ్డా, వాటి పైన అడవీ ఊరి చేతిలో ఉండాలంటే సి కావాలి.

ఈ హక్కులు అడగాల్సింది గ్రామసభలో. ఒడిశాలో అది పల్లీసభ స్థాయిలో, అంటే ఏ ఊరికా ఊళ్ళో జరగాలి. నాలుగైదు ఊళ్ళు కలిపిన పంచాయతీ ఆఫీసులో పెట్టించేస్తే సులువు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వయసొచ్చిన ప్రతివాళ్ళూ సభ్యులే. సగం మంది రావాలి, వచ్చినవాళ్ళల్లో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఆ సభే ఎన్నుకుంటుంది. అందులో మూడింట రెండొంతులు ఆదివాసులు, మూడోవంతు ఆడవాళ్ళు. ఫారెస్టువాళ్ళు ఎప్పుడో వేసిన వనసంరక్షణ సమితి జాబితానే దీనికి అతికించేస్తుంటారు కొందరు. రెండూ ఒకటి కాదు. ఆ సమితి ఉంటే ఉండనివ్వండి, దీన్ని మాత్రం సభలో కొత్తగా ఎన్నుకోవాలి.

సాక్ష్యం కావాలంటారు. ఇక్కడే నెలరోజుల నడక పనికొస్తుంది. నియమాల్లో 13వది చూడండి. మనుషులూ పశువులూ తాగే నీటి చోట్లు, పాత సాగునీటి ఏర్పాట్లు, దుంపలు తవ్వుకునే చోట్లు, మేత బయళ్ళు, పవిత్రమైన చెట్లు, తోపులు, శ్మశానాలు, ఇవన్నీ సాక్ష్యాలే. ఒకటికి మించి చూపించాలి. చింతపిక్కల నక్షాని ఫొటో తీసి, దాన్ని కాగితం మీద గీయించి, చుట్టుపక్కల ఊళ్ళ పెద్దల చేత హద్దులు ఒప్పించుకుని జతచెయ్యండి. మడులకి రాతిగోడలు కట్టిన తాత ముత్తాతల పేర్లు ఒకరు చెప్తుంటే ఒకరు రాశారు ఒక ఊళ్ళో, ఆరు తరాలు వచ్చాయి. ఆ కాగితం చదువుతుంటే కమిటీలో ఎవరూ మాట్లాడలేదు.

చిన్న పనులకి అదే చట్టంలో దగ్గర దారి ఉంది. సెక్షన్ 3(2). తాగునీటి పైపులు, చిన్న కాలవలు, చెరువులు, వాననీటి కట్టడాలు లాంటివాటికి ఒక్కో చోట ఒక హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు చేస్తే తీసుకోవచ్చు. ఆ సిఫారసు సభ ఇచ్చిందే అయ్యుండాలి, సర్పంచి లెటర్‌హెడ్ కాదు. ఒకటి గుర్తు పెట్టుకోండి: షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాళ్ళకి బదలాయించడానికి వీల్లేదు. తొట్టి కట్టడానికి ఎవరైనా రెండు సెంట్లు ఇస్తానంటే ఆ జాగా మీ సంస్థ పేర రాయించుకోకండి.

తీర్మానం ఒడియాలో రాస్తారు. రాశాక మొత్తం సవరలో చదివి వినిపించండి. చదివేది రాసినవాడు కాకూడదు. ఒక ఊళ్ళో అలా చదివిస్తే ‘నిర్వహణ బాధ్యత గ్రామస్థులది’ అన్న ముక్క దగ్గర ఆగమన్నారు, నిర్వహణ అంటే మోటారు కాలిపోతే డబ్బులు మేమే పెట్టాలా అని. నిజమే కదా. అక్కడ కొట్టేసి వేరేగా రాశాం. వేలిముద్రలు ఆ తర్వాత. ఖాళీ కాగితం మీద ముద్ర తీసుకునే అలవాటు ఇంకా ఉంది, ‘తర్వాత రాసుకుంటాంలే’ అని. మీ ముందు అలా జరిగితే ఆ పుస్తకం మూసెయ్యండి. తీర్మానం నకలు ఒకటి ఊళ్ళోనే ఉండాలి.

పల్లీసభ అంటే లాంఛనం అనుకునేవాళ్ళకి మా జిల్లా సంగతే చెప్తాను. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న గ్రామసభల్ని అడగమంది. ఆ జులై, ఆగస్టుల్లో 12 ఊళ్ళల్లో సభలు జరిగాయి, రాయగడలో 7, కలహండిలో 5. పన్నెండూ వద్దన్నాయి. మరుసటి జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ కొండ నెత్తినున్న బాక్సైట్ పొర వాననీరు పీల్చి మెల్లగా వదులుతుంది. వంశధార పుట్టేది ఆ వైపే. గుణుపురంలో మా ఇంటి వెనకా, హిరమండలం గొట్టా బ్యారేజీ దగ్గరా పారేది ఆ నీళ్ళే.

డబ్బు, తాళాలు

బరంపురం దగ్గర మొహుదాలో ఉండే గ్రామ వికాస్ వాళ్ళది ఒక పట్టుదల ఉంది. ఊళ్ళో నూటికి నూరిళ్ళూ చేరితే తప్ప నీళ్ళ పని మొదలుపెట్టరు. నాకు మొదట్లో అది మొండితనంలా తోచింది. రెండిళ్ళ కోసం మిగతా ఊరంతా ఏడాది ఆగాలా? తర్వాత తెలిసింది, చేరని రెండిళ్ళూ దాదాపు ఎప్పుడూ ఊరి చివర దళితులవో, మొగుడు లేని ఆడదానివో అయ్యుంటాయని. ఆగడం వల్ల మిగతావాళ్ళు వెళ్ళి వాళ్ళని పిలవాల్సొస్తుంది. ఇప్పుడు నేనూ ఆగుతాను.

కూలి ఎవరికెంత పడిందో గోడ మీద బొగ్గుతో రాయించండి. తొట్టి తాళం ఇద్దరి దగ్గరుండాలి, అందులో ఒకరు ఆడమనిషి. పైపు పగిలితే అతికే కుర్రాడికి ఊరే చోళ్ళో డబ్బో ఇవ్వాలి, మీ సంస్థ ఇవ్వకూడదు. దీనిమీద ఇంకేం చెప్పను, ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసుకుంటారు, చాలావరకు బాగానే చేసుకుంటారు.

దిగువన మనవాళ్ళు

ఇది రాయడానికి నాకు ఇబ్బందే, మా చుట్టాలే ఉన్నారు అందులో. కొండ దిగాక ఆ గెడ్డ మీద మడిచెక్కలున్న తెలుగు రైతులు, పైన తొట్టి కడుతున్నారని వినగానే పంచాయతీ ఆఫీసుకి వచ్చి కూర్చున్నారు. మా నీళ్ళు ఆపేస్తారా అని. వాళ్ళ భయం ఉత్తదేం కాదు, ఏప్రిల్లో వాళ్ళకి కూడా ఆ గెడ్డే ఆధారం. కాకపోతే మీటింగు ఆఫీసులో జరిగితే కుర్చీలు వాళ్ళవి, భాష వాళ్ళది, ఆఫీసరుతో పరిచయం వాళ్ళది. సవరలు గుమ్మం దగ్గర నిలబడి వింటారు.

కాబట్టి పైకి నడిపించండి. మా మావయ్య వరసాయన ఒకాయన, యాభై ఏళ్ళుగా ఆ నీళ్ళతో పండిస్తున్నాడు, ఊట పుట్టేచోటు ఆ రోజే మొదటిసారి చూశాడు. చెప్పులు విడిచి నీళ్ళల్లో దిగాడు. బకెట్ లెక్క రాసే పిల్ల తన నోట్‌బుక్ తెచ్చి ఆయనకి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పి, “కార్తీకం నుంచీ రాశావటే!” అన్నాడు. ఒప్పందం ఆ రోజు కుదరలేదు. పొర్లు నీరు మడుల వరస దాటాక గెడ్డలోకే వదులుతారని దిగువవాళ్ళకి కళ్ళారా తెలిసింది, ఆ తర్వాత ఆఫీసుకి రావడం మానేశారు.

వద్దంటే

ఒక్కోసారి ఇదంతా చేశాక కూడా వద్దంటారు. కారణం చెప్పకపోవచ్చు కూడా. మళ్ళీ అడగొద్దు, వేరే పెద్దమనిషిని పట్టి నచ్చజెప్పించొద్దు, పక్క ఊరికి ఇచ్చేస్తామని బెదిరించొద్దు. నాకు ఒక ఊరు అలాగే వద్దంది. ఆ ఏడు లక్ష్యంలో ఒకటి తగ్గిందని పైనుంచి చీవాట్లు తిన్నాను. రిపోర్టులో ‘గ్రామస్థుల అనాసక్తి’ అని రాయమన్నారు. ‘పల్లీసభ వద్దంది’ అని తేదీ వేసి రాశాను.

పని అయిపోయిన ఊళ్ళకి ఏప్రిల్ ఆఖరి వారంలో మళ్ళీ వెళ్ళండి, పిలవకపోయినా సరే. బకెట్ మీదే పట్టుకెళ్ళండి, ఊళ్ళో వాటికి చిల్లులుంటాయి. మా పెద్దాయన ఊరికి నేనిప్పటికీ వెళ్తాను. కొట్టుకుపోయిన రెండు మడుల్లో ఒకటి మళ్ళీ కట్టుకున్నాడు. రాళ్ళు సరిపోలేదని మా చెక్‌డ్యాం రెక్కగోడ ఒకవైపు విప్పుకున్నాడు. నన్ను అడిగే తీసుకున్నాడు.